షికారు

ఉర్దూలో షికార్ అంటే వేట. వేటకు చిక్కిన జంతువు కూడా షికారే. ఆ మాట తెలుగులోకి వచ్చాక సరదాగా తిరిగి రావడం అయింది. సాయంత్రం షికారుకెళ్ళొచ్చాం అంటే తెలుగువాళ్ళకి అందులో రక్తం కనపడదు. రెండు భాషల మధ్య పెరిగిన నాకు మాత్రం, వెళ్ళింది వేటగాడా, జంతువా అన్న అనుమానం మిగిలే ఉంటుంది.

మా పద్మారావు నగర్ మిత్రుడొకాయన ఫ్రాన్స్ వెళ్ళొచ్చాడు. పారిస్ చూడలేదు, పల్లెలు చూశాడు. దక్షిణాన టులూజ్ నించి మధ్యధరా సముద్రం వైపు 240 కిలోమీటర్ల కాలువ ఒకటుంది, 1681లో పూర్తయింది. ఒకప్పుడు దాని గట్టు మీద గుర్రాలు పడవల్ని లాగేవి. ఇప్పుడు సైకిళ్ళు పోతాయి. ఈయన కిరాయి సైకిలు మీద పది రోజులు తిరిగాడు. రోజుకి ముప్ఫై కిలోమీటర్లు మించలేదట. నీడ కనబడితే దిగడం, ఊరి సంతలో రొట్టె, చీజు కొనుక్కోవడం, లాకుల దగ్గర పడవ మెల్లగా కిందికి దిగుతుంటే చూస్తూ కూచోవడం. ఫోటోలన్నీ చూసి నేనొకటే అడిగాను. "ఎవరన్నా ఆపి ఎక్కడికని అడిగారా?"

"ఎందుకడుగుతారు భాయ్?" అని నవ్వాడు.

మా అబ్బా కూడా ముప్ఫై ఏళ్ళు సైకిలు తొక్కాడు. ఇంటి నించి లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకి, వర్క్‌షాపు నించి ఇంటికి. హ్యాండిలుకి టిఫిన్ డబ్బా, క్యారియర్ మీద బియ్యం సంచో, మాలో ఒకణ్ణో. చూడ్డానికని ఆయన ఎక్కడికీ పోలేదు. బీదవాళ్ళెవరూ పోరు, ఇందులో ముస్లిం సంగతేముంది అని మీరనొచ్చు. సగం నిజం. ఫ్రాన్సులోనూ బీదవాళ్ళకి షికారు ఎవరూ దానమివ్వలేదు. 1936లో లక్షల మంది కార్మికులు సమ్మె చేశారు, ఫ్యాక్టరీల్లోనే బైఠాయించారు. జీతంతో రెండు వారాల సెలవు అలా వచ్చింది. ఆ వేసవిలో సైకిళ్ళెక్కి పల్లెలకీ సముద్రానికీ పోయారు. సముద్రం మొదటిసారి చూసినవాళ్ళు వాళ్ళలో ఎందరో.

మిగతా సగం నిజమూ ఆ దేశంలోనే దొరుకుతుంది. పాతికేళ్ళ తర్వాత, అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1961 అక్టోబరులో పారిస్ పోలీసులు ఒక ప్రకటన చేశారు. అల్జీరియా ముస్లింలు రాత్రి ఎనిమిదిన్నర నించి తెల్లారి అయిదున్నర దాకా వీధుల్లోకి రావద్దన్నారు. దానికి నిరసనగా అక్టోబరు 17 రాత్రి ఆడా మగా నడిచొస్తే కొట్టారు, కాల్చారు, సేన్ నదిలోకి తోశారు. ఎందరు పోయారో ఇప్పటికీ లెక్క తేలలేదు. వాళ్ళలో ఎక్కువమంది కార్మికులే. సెలవు దొరికింది, వీధి దొరకలేదు.

మరి అక్కడి నించి మన ఊరికొచ్చినవాణ్ణి మనమేం చేశాం? గాస్కనీలో పుట్టిన రేమండ్ 1775లో పాండిచ్చేరి చేరి, చివరికి నిజాం అలీఖాన్ ఫౌజులో సేనాపతి అయ్యాడు. 1798లో చనిపోయాడు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారంబాగ్ ఆయన పేరే. పరాయి పేరు నోరు తిరక్కపోతే తిరిగేట్టు చేసుకున్నారు.

అదే ఊళ్ళో, 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకొచ్చినవాళ్ళు. తర్వాత పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్ళనే. కోర్టు వాళ్ళని నిర్దోషులని వదిలేనాటికి చదువులూ కొలువులూ పోయాయి. ఆ రోజుల్లో ఒక రాత్రి నిద్ర పట్టక సైకిలేసుకుని బయల్దేరాను. ఒక చౌరస్తాలో యూనిఫాం మనిషి ఆపాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. ఊరికే."

"పేరు?"

చెప్పాను.

"ఊరికే అంటే ఏంది?"

ప్రెస్ కార్డు తీసి, డ్యూటీ నించి ఇంటికి పోతున్నా అన్నాను. వదిలేశాడు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. నేను చెప్పిన నిజం చెల్లలేదు, అబద్ధం చెల్లింది. కార్డు లేనివాడు ఏం చెప్పాలి? నమాజుకో, ఆస్పత్రికో, దుకాణానికో పోతుండాలి. ఎప్పుడూ ఏదో ఒక పని మీద ఉండాలి.

ఇది రాస్తానంటే ఒక పెద్దాయన కోప్పడ్డాడు. సచార్ నివేదిక వచ్చి ఏడాది కాలేదు, కౌమ్ ఆకలి రాయక సైకిలు షికారు రాస్తావా అన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడైతే జవాబు చెబుతాను. చదువు, కొలువు, ఇల్లు అన్నీ అందాకే తిరిగే హక్కు అంటే మా అబ్బా వంతు రానేలేదు. పని చూపిస్తేనే దారి ఇస్తామనే చోట మనిషి కూలీగానో అనుమానితుడిగానో ఉంటాడు, ఊరివాడుగా ఉండడు.

ఇంతా చెప్పి ఒకటి దాస్తే దగా. మా చెల్లెలు పదో క్లాసులో సైకిలు నేర్చుకుంటానంది. అబ్బా ఏమీ అనలేదు. అమ్మీ అనలేదు. నేనన్నాను: "ఎక్కడికి పోవాలని?" ఫ్రాన్సులో 2004 నించి సర్కారు బడిలో హిజాబ్ వద్దంటూ చట్టమే ఆడపిల్లని గేటు దగ్గర ఆపుతోంది. మా ఇంట్లో అంత చట్టం అక్కర్లేకపోయింది, అన్న చాలాడు. ఆమె ఇప్పటికీ సైకిలు తొక్కడం రాదంటుంది, నవ్వుతూనే.

మొన్న ఆదివారం పొద్దున్నే నా కూతురు సైకిలు బయటికి తీసింది. ఎక్కడికి అన్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"ఊరికే, అబ్బా."

వెనక టైరు నొక్కి చూశాను. గాలి తక్కువుంది, చౌరస్తాలో కొట్టించుకో అన్నాను.