చెయ్యి ముందు జేబు మీదికి పోయింది

పోయిన కార్తీకంలో ఒక రాత్రి పదిన్నర దాటాక బెంగుళూరులో కుందలహళ్ళి మెట్రో స్టేషన్ మెట్లు దిగి బ్రూక్‌ఫీల్డ్‌లో ఇంటికి నడుస్తున్నాను. నాకు పాతిక అడుగుల ముందు ఒకమ్మాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పోతోంది. "తిన్నానమ్మా, పీజీ దగ్గరికి వచ్చేసినా" అంటోంది. తెలుగే, మా సీమ యాస. లైటు ఆర్పేసిన బండి ఒకటి నన్ను రాసుకున్నట్టు ముందుకు పోయింది. వెనక కూచున్నవాడు చెయ్యి చాపాడు. ఫోన్ పోయింది. అమ్మాయి మోకాళ్ళ మీద పడింది. "అమ్మా" అని ఆ పిల్ల పెట్టిన కేక అవతల వాళ్ళమ్మ చెవిన పడే ఉంటుంది.

ఆ క్షణంలో నా చెయ్యి పోయింది నా జేబు మీదికి. నా ఫోన్ ఉందా అని తడిమి చూసుకున్నాను. ఉంది. తరవాత రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళిపోయాను.

మొన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా పిన్ని కూతురు ఉద్యోగం దొరికి ఇక్కడి పీజీలో చేరినప్పుడు జాగ్రత్తలన్నీ చెప్పింది నేనే. ఎదురుగా వచ్చే బండ్లు కనబడే వైపు నడువు. సంచి రోడ్డు వైపు భుజానికి వేసుకోవద్దు. నడుస్తూ ఫోన్ మాట్లాడొద్దు. ఎవరైనా లాగితే వదిలేయ్, పట్టు బిగిస్తే బండి నిన్ను ఈడ్చుకుపోతుంది, వస్తువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసి పెట్టుకో, ఫోన్ పోతే ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని పనికిరాకుండా ఆపించొచ్చు. ముందు మాత్రం 112. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద విడి నేరంగా పెట్టారని, మూడేళ్ళ దాకా జైలు ఉందని కూడా చెప్పాను. ఇవి మంచి జాగ్రత్తలే. ఈరోజు అడిగినా ఇవే చెబుతాను.

కానీ ఇవి నాలోకి ఎలా వచ్చాయో ఈ మధ్య తవ్వి చూసుకున్నాను. 2013 నవంబరు 19న ఇదే ఊళ్ళో, కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఏటీఎంలో ఒక బ్యాంకు ఉద్యోగిని మీద దాడి జరిగింది. తెల్లవారిన తరవాతే, ఉదయం ఏడు గంటల వేళ. లోపలికి వచ్చినవాడు షట్టర్ దించి కత్తితో నరికాడు. ఆ దృశ్యాన్ని టీవీల్లో మళ్ళీ మళ్ళీ చూపించారు. నరికినవాడు మా చిత్తూరు జిల్లా మనిషి. 2017లో మదనపల్లెలో దొరికాడు, 2021లో పదేళ్ళ శిక్ష పడింది. ఆ దృశ్యం చూసినప్పటినుంచి ఏటీఎంలో అడుగు పెట్టే ముందు వెనక్కి చూడ్డం నాకు అలవాటైంది. ఆ ఉద్యోగిని దాదాపు మూడు గంటలు ఆ మూసిన షట్టర్ వెనక నెత్తుటిలో ఉంది. బయటికి కారిన రక్తం చూసి దారిన పోయేవాళ్ళు పోలీసులకు చెప్పబట్టి బతికింది. ఈ సంగతి కూడా అప్పుడే విన్నాను. కానీ నేర్చుకున్నది షట్టర్ గురించే. ఆగి చూసినవాళ్ళ గురించి ఏమీ నేర్చుకోలేదు.

ఆ రాత్రి ఆగింది బజ్జీల బండి ఆమె. స్టవ్ ఆర్పేసి పరుగున వచ్చింది. "ఏనాయ్తమ్మా" అంటూ లేవదీసి, తన స్టూలు మీద కూచోబెట్టి, మోకాలు కడిగింది. నేను అవతల చెట్టు కింద నిలబడి చూశాను. ఎందుకు పోలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. సాక్ష్యమంటే స్టేషన్ చుట్టూ తిరగాలని అనిపించింది. వాళ్ళు మళ్ళీ వస్తారేమో అనిపించింది. ఇంత రాత్రివేళ తెలియని మగవాడు దగ్గరికి పోతే ఆ పిల్ల ఇంకా బెదురుతుందని కూడా అనుకున్నాను. ఈ చివరిదాంట్లో కొంత నిజముంది. అందుకే దాని వెనక దాక్కోవడం సులువైంది. నాలుగడుగుల దూరంలో నిలబడి తెలుగులో ఒక్క మాట పలికి ఉంటే చాలేది.

మొన్న ఆ పిన్ని కూతురికే, మా చెల్లెలికి, చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆ పాప వాళ్ళమ్మకు ఎవరు ఫోన్ చేసినారన్నా?" అని అడిగింది.

ఆ తల్లి చెవిలో కేక వినబడి ఫోన్ తెగిపోయిన సంగతి, ఇన్నాళ్ళూ నన్నే తవ్వుకుంటున్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా పిరికితనం గురించే ఆలోచించాను. అందులోనూ నేనే ఉన్నాను.

మరుసటి రోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గరికి పోయాను. ఆ రాత్రి సంగతి అడిగితే ఆమెకు గుర్తుంది. 112కు ఆమే చేసింది, పోలీసుల హొయ్సళ బండి వచ్చింది. అమ్మాయికి నోటికొచ్చిన నంబరు వాళ్ళమ్మదొక్కటే. తన ఫోన్ నుంచే కలిపి ఇచ్చింది. తల్లీ కూతురూ ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియక వీపు నిమురుతూ ఉండిపోయిందట. పోలీసులు కన్నడంలో, హిందీలో అడుగుతుంటే పిల్ల వణుకుతూ తెలుగులోనే చెప్పిందట.

"తెలుగు బరోరు యారూ సిగలిల్ల అణ్ణా" అంది. తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ దొరకలేదని.

రోడ్డు అవతలి చెట్టు చూపించి, ఆ రాత్రి నేను అక్కడే ఉన్నానని చెప్పాను.