రూపాంతరమూ, బాధ్యతా

మనిషి తన జాతివాడు చేసిన క్రూరకృత్యానికి పేరు వెదకవలసి వచ్చినప్పుడల్లా అడవి వైపు చూశాడు. ప్రాణం తీసినవాణ్ణి పులి అన్నాడు. నమ్మించి మోసగించినవాణ్ణి నక్క అన్నాడు. పగబట్టినవాణ్ణి పాము అన్నాడు. ఈ పోలికలవల్ల ఆ జంతువులకు జరిగిన అన్యాయం అటుంచి, మనిషికి కలిగిన సౌకర్యం ఒకటి ఉన్నది. నేరం తన స్వభావంలోనిది కాదనీ, ఎక్కడినుంచో వచ్చి తనలో ప్రవేశించినదనీ చెప్పుకోవడానికి ఈ భాష వీలు కల్పిస్తుంది. ఆ సౌకర్యమే కథగా పెరిగినప్పుడు తోడేలు మనిషి పుట్టాడు. పగలు అతడు మనవలెనే పనిపాటలు చేసుకుంటాడు. రాత్రి రూపం మారి వేటకు పోతాడు. తెల్లవారేసరికి మళ్ళీ మనిషి అవుతాడు. అట్లా తెల్లవారి లేచిన మనిషి, రాత్రి జరిగినదానికి ఉత్తరవాది అవుతాడా, కాడా? కథ ఎంత పాతదో ఈ ప్రశ్న కూడా అంత పాతది.

ఐరోపా పల్లెలలో తిరిగిన ఈ తోడేలు మనిషి మన కాలానికి నగరవాసి అయినాడు. నగరాన్ని రంగస్థలంగా చేసుకున్న అద్భుత నవలలు ఇరవయ్యవ శతాబ్దం చివరి దశకాలనుండి ఆంగ్లంలో విరివిగా వెలువడుతున్నవి. వాటిలో ఒక రహస్యం ఉంటుంది, ఒక ప్రణయం ఉంటుంది, మనుష్యుల మధ్య మనిషివలె మసలే మృగం ఉంటుంది. వీటిని కాలక్షేపపు సరుకుగా తీసిపారేయడం సులభం. కాని మృగం అడవిని విడిచి నగరానికి రావడంలో ఒక అర్థం లేకపోలేదు. పల్లెలో ఎవరి నడత ఎట్లాంటిదో ఊరందరికీ తెలుసు. నగరంలో పక్కవాటాలో ఉన్నవాడు రాత్రివేళ ఏమవుతాడో ఎవరికీ తెలియదు. తలుపు మూసిన ఇంటిలో రూపం మార్చుకున్నవాడు ఉదయం శుభ్రమైన దుస్తులు ధరించి కచేరీకి పోవచ్చును.

మన దేశంలో ఈ కోవకు చెందిన చెప్పుకోదగిన నవల ఇంద్ర దాస్ 2015లో ఆంగ్లంలో ప్రకటించిన 'ది డివౌరర్స్'. అలోక్ ముఖర్జీ అనే చరిత్ర అధ్యాపకుడికి కలకత్తాలో ఒక బావుల్ గాయకుల మేళాలో అపరిచితుడొకడు తారసపడి, తాను సగం తోడేలునని చెప్పుకుంటాడు. తరువాత కొన్ని ప్రాచీన పత్రాల వృత్తాంతాన్ని తిరిగి రాసి ఇమ్మని అడుగుతాడు. ఆ పత్రాలలోని కథ మొగలాయీల కాలానిది. తాజమహలు నిర్మాణం జరుగుతున్న రోజులలో ఐరోపానుండి వచ్చిన రూపాంతర జీవులలో ఫెన్రిర్ అనేవాడు సైరా అనే మానవస్త్రీని చూసి మోహిస్తాడు. మనుష్యులను భక్షించడం వారి జాతికి ధర్మం, ప్రేమించడం నిషిద్ధం. అతడు ఆమెను బలాత్కరిస్తాడు. ఆ పిమ్మట, తనది ప్రేమ అనీ, తన జాతికి లేని సృష్టిశక్తికోసం పడిన తపన అనీ ఆమెకు సుదీర్ఘంగా రాసుకుంటాడు. పాఠకులు ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఫెన్రిర్ తన మృగరూపంలో ఎందరినో తిన్నాడు. కాని సైరాకు అతడు చేసిన ద్రోహం మనిషి రూపంలో ఉండగానే జరిగింది. నవలలోని అతి హేయమైన పనికి కోరలు అవసరం కాలేదు.

ఆ మాటకు వస్తే, తోడేలు ఎరుగని పనులే తోడేలు మనిషికి మనం అంటగట్టినవి. తోడేలు ఆకలికి వేటాడుతుంది. గుంపుగా బ్రతుకుతుంది, తల్లీతండ్రీ మాత్రమే కాక గుంపులోని తక్కినవి కూడా కూనలకు ఆహారం తెచ్చి పెడతాయి. తనకు లొంగనిదాన్ని అవమానించడం, అవమానించి దానికి ప్రేమ అని పేరు పెట్టడం దానికి తెలియదు. మన మైదానాలలో గొల్లలు మందలు తోలే పచ్చిక నేలలవెంట బ్రతికే తోడేలును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి చేర్చి కాపాడుకోవలసిన స్థితి వచ్చింది. అది మనకు భయపడవలసిన కాలంలో కూడా మన కథలలో మనమే దానికి భయపడుతున్నాం.

భారతీయ వాఙ్మయంలో ఈ ప్రశ్నను నిష్కర్షగా విచారించిన కథ మహాభారతంలో ఉన్నది. ఆదిపర్వంలో గంధర్వుడు అర్జునునికి చెప్పిన కల్మాషపాదుని వృత్తాంతం అది. నన్నయ తెనిగించిన ఆదిపర్వంద్వారా తెలుగువారికి చిరపరిచితమే. వేటనుండి తిరిగివస్తున్న రాజుకు ఇరుకైన దారిలో వసిష్ఠుని పెద్దకొడుకు శక్తి ఎదురుపడ్డాడు. తప్పుకోమని ఒకరంటే తప్పుకోమని మరొకరన్నారు. రాజు కొరడాతో ఋషిని కొట్టాడు. మనుష్యమాంసం తిని తిరగమని ఋషి శపించాడు. విశ్వామిత్రుని ప్రేరణతో కింకరుడనే రాక్షసుడు రాజు దేహంలో ప్రవేశించాడు. ఆ తరువాత రాజు మొదట శక్తినీ, పిమ్మట వసిష్ఠుని తక్కిన కొడుకులనూ తిన్నాడు. పన్నెండేళ్ళు గడిచాక వసిష్ఠుడే మంత్రజలం చల్లి అతణ్ణి ఆ రాక్షసావేశంనుండి విడిపించాడు.

ఇంతవరకే అయితే ఇది శాపమూ, విమోచనమూ గల అనేక కథలలో ఒకటి. వ్యాసుడు ఇక్కడ ఆగలేదు. రాక్షసావేశంలో తిరుగుతున్న రోజులలో రాజు అడవిలో ఒక బ్రాహ్మణ దంపతులను చూసి, భార్య ఎంత వేడుకున్నా వినక భర్తను పట్టి భక్షించాడు. నేలరాలిన ఆమె కన్నీరు అగ్నియై మండిందని కథ చెబుతుంది. నీవు భార్యను చేరిననాడు నీకు మరణమని ఆమె శపించింది. వసిష్ఠుని మంత్రజలం రాక్షసుణ్ణి తొలగించగలిగింది గాని, ఈ శాపాన్ని తొలగించలేదు. రాజు మనిషి అయినాడు, రాజ్యానికి వచ్చాడు, ప్రజలు సంతోషించారు. అడవిలో ఒక స్త్రీకి అతడు ఋణపడిన లెక్క మాత్రం అట్లాగే నిలిచింది. అంతకంటె సూక్ష్మమైన మాట ఒకటి కవి చెప్పాడు. కామవశుడై రాణిని సమీపించిన రాజుకు ఆ శాపం జ్ఞాపకమే లేదు. రాణి మదయంతి గుర్తుచేస్తేనే అతనికి గుర్తు వచ్చింది. వచ్చాక పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు. చేసినవాడు మరచినదాన్ని పక్కనున్న స్త్రీ మరువలేదు.

రాజును సమర్థించదలచినవారు రాక్షసుణ్ణి చూపవచ్చును. తిన్నది కింకరుడు గాని రాజు కాడనవచ్చును. కాని దారిలో కొరడా ఎత్తినప్పుడు రాజు దేహంలో రాక్షసుడు లేడు. అక్కడ ఉన్నది తన అధికారానికి ఎదురుమాట సహించలేని మనిషి ఒక్కడే. ఋషి కూడా కోపానికి లోబడినవాడే, ఆ కోపానికి తానే మొదటి ఆహారమైనాడు. ఏ రూపాంతర కథనైనా జాగ్రత్తగా వెనుకకు చదువుకుంటూ పోతే ఇటువంటి ఘడియ ఒకటి దొరుకుతుంది. అప్పటికి రూపం మారలేదు, వివేకం పోలేదు, దారి ఇచ్చి పక్కకు తప్పుకునే స్వేచ్ఛ ఇంకా మిగిలే ఉన్నది. బాధ్యతను విచారించవలసినవారు వెదకవలసినది ఆ ఘడియనే.

ఈశాన్య భారతంలోని నాగా సమాజాలు ఇదే విషయాన్ని వేరొక విధంగా ఊహించినవి. అక్కడ తోడేలు స్థానంలో పులి, చిరుతపులి ఉన్నవి. సేమా నాగాలనుగూర్చి జె. హెచ్. హటన్ 1921లో ప్రకటించిన గ్రంథంలో ఈ నమ్మకం వివరంగా నమోదైంది. మనిషి దేహం ఇంటిలోనే ఉంటుందట; అతని ఆత్మ మాత్రం చిరుతలో సంచరిస్తుందట. అడవిలో ఆ చిరుతకు గాయం తగిలితే ఇంటిలో ఉన్న మనిషి ఒంటిమీద అదే గాయం కనిపిస్తుందట. అడవిలో జరిగినదానికీ ఇంటిలో ఉన్నవానికీ సంబంధం లేదనడానికి ఈ ఊహలో చోటు లేదు. ఈస్టరీన్ కిరే 2014లో ప్రకటించిన 'వెన్ ద రివర్ స్లీప్స్' నవలలో తనమీదికి వచ్చిన పులులను నాయకుడు మనుష్యుల పేర్లతో పిలిచి, మీ వంశంవాణ్ణి ఇట్లా చూడవచ్చునా అని నిలదీస్తాడు. అవి వెనుకకు తగ్గుతాయి. మృగం ఎదుట అతడు వాడిన ఆయుధం దాని మానవనామం.

న్యాయస్థానాలు కూడా ఈ ప్రశ్నతో పెనుగులాడినవి. 1589లో జర్మనీలోని బెడ్‌బర్గ్ పట్టణంలో పీటర్ స్టుంప్ అనేవాణ్ణి తోడేలు రూపంలో హత్యలు చేశాడన్న అభియోగంపై దారుణంగా చంపారు. తరువాత పద్నాలుగేళ్ళకు, 1603లో, ఫ్రాన్సు దేశపు బోర్డో న్యాయస్థానం ఎదుట జాన్ గ్రెనియే అనే బాలుడు తాను తోడేలునై పిల్లలను తిన్నానని ఒప్పుకున్నాడు. న్యాయాధిపతులు అతనిది మతిభ్రమగా గ్రహించి, చంపక, మఠంలో ఉంచమన్నారు. రూపాంతరం మాట అటుంచి మనిషి మనస్సును పరిశీలించిన ఆ తీర్పు నాగరికతలో ఒక ముందడుగు. మతిస్థిమితం లేక, తాను చేస్తున్నదేమిటో ఎరుగనివానికి శిక్ష లేదన్న సూత్రం 1860 నాటి మన శిక్షాస్మృతిలో ఉన్నది. దాని స్థానంలో 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్నది. అయితే ఆ రెండు స్మృతులూ మరొక గీత కూడా గీసినవి. తన ఇష్టంతో మత్తు పుచ్చుకున్నవాణ్ణి, మత్తు లేనప్పుడు ఉండే తెలివి ఉన్నవానివలెనే ఎంచాలన్నవి. కల్మాషపాదుని కొరడాకు చెప్పిన న్యాయమే సీసా ఎత్తిన చేతికీ వర్తిస్తుంది. రోగానికి కరుణ చూపవలసిందే, సాకుకు చూపనక్కరలేదు.

ఈ చర్చ పుస్తకాలకు పరిమితమైనది కాదని చెప్పనవసరం లేదు. తాగినప్పుడు ఆయన ఆయన కాదమ్మా, మామూలప్పుడు దేవుడు, అన్న మాట మన ఇండ్లలో ఎందరు తల్లులు ఎందరు కూతుళ్ళకు చెప్పి తిరిగి కాపురానికి పంపలేదు! ఆ ఒక్క వాక్యంలో తోడేలు మనిషి కథ అంతా ఇమిడి ఉన్నది. అందులో ఒక మనిషిని ఇద్దరుగా విడదీసి, దెబ్బలకు మృగాన్నీ, గౌరవానికి మనిషినీ వాటాదారులను చేస్తారు. దెబ్బలు తిన్న దేహం మాత్రం ఒక్కటే. అది రెండుగా విడిపోదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు మృగం మళ్ళీ మనిషి అయ్యేదాకా వేచి ఉండలేదు. రూపం మారే చోటికే వెళ్ళి ఆ ద్వారం మూశారు. వారి పోరాటం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది.

ప్రణయకథగా మారిన తోడేలు కథను ఈ వెలుగులో చదవవలసి ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన 'బిస్క్లావ్రే' కథలో భర్త వారానికి మూడు రోజులు తోడేలు అవుతాడు. సంగతి తెలిసి భయపడిన భార్య అతని బట్టలు దాచివేయించి, మళ్ళీ మనిషి కాకుండా చేసి, వేరొకరిని పెళ్ళాడుతుంది. రాజు ఆశ్రయంలో ఎంతో మర్యాదగా మెలగిన ఆ తోడేలు తుదకు ఆమె ముక్కు కొరికివేస్తుంది. కథ సానుభూతి అంతా భర్తపైనే. ఆమె ద్రోహం ద్రోహమే. కాని ఆమె భయం నిజమా కాదా అని అడిగినవారు లేరు. నేటి ప్రణయ నవలలలో పలుచోట్ల నాయిక భయపడదు; తన ప్రేమతో మృగాన్ని మచ్చిక చేస్తుంది. ఇది మధురంగానే ఉంటుంది. కాని మృగాన్ని మనిషిగా చేసే భారం ఆ మనిషిమీదినుంచి జారి, అతణ్ణి ప్రేమించినదానిమీద పడుతున్నది. అతడు మారకపోతే ఆమె ప్రేమ చాలలేదన్న అపవాదు కూడా ఆమెకే మిగులుతుంది.

'ది డివౌరర్స్' విశిష్టత ఇక్కడే ఉన్నది. ఫెన్రిర్ రాసిన పత్రంతో కథ ముగియదు. సైరా తన కథ తాను చెప్పుకున్న మరొక పత్రం ఉన్నది. అతడు తపన అన్నదానికి ఆమె వద్ద వేరే పేరు ఉన్నది. ఆమె దానిని ధ్రువపరచనంతవరకు అతని పశ్చాత్తాపం స్వగతం మాత్రమే. భారత కథలో కూడా వసిష్ఠుడు తన కొడుకుల మృతిని సహించి రాజును కరుణించగలిగాడు, ఎందుకంటే ఆ దుఃఖం అతనిది. అడవిలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ తరఫున క్షమించే అధికారం మహర్షికి కూడా లేకపోయింది. క్షమ దెబ్బ తిన్నవారి సొత్తు. ఇరుగుపొరుగువారు గాని, పెద్దమనుష్యులు గాని, తీర్పు చెప్పే సభలు గాని దాన్ని వారి బదులుగా దానం చేయలేవు.

అయితే ఒకసారి మృగమైనవాడు ఎన్నటికీ మనిషి కాలేడా? ఇట్లా అడిగేవారి ఆవేదన తోసివేయదగినది కాదు. వసిష్ఠుడు రాజును చంపలేదు, విడిపించాడు. బాధ్యుణ్ణి చేయడమంటే ద్వేషించడం కాదు. అతణ్ణి మనిషిగా లెక్కించడం. మృగానికి ఎవరూ లెక్క అడగరు. హిందీలో ఆచార్య హజారీప్రసాద్ ద్వివేది 'నాఖూన్ క్యోఁ బఢ్‌తే హైఁ' అన్న వ్యాసంలో గోళ్ళు పెరగడాన్ని మనిషిలో మిగిలిన పశుత్వానికీ, వాటిని కత్తిరించుకోవడాన్ని మనుష్యత్వానికీ చిహ్నాలుగా చూశారు. పెరిగే గోటికి ఎవరూ మనల్ని నిందించరు. దానితో ఇతరుల ఒళ్ళు చీరి, పెరిగింది కనుక చీరిందనడం వేరు.

కల్మాషపాదుడు నిజంగా మనిషి అయినది ఎప్పుడు? మంత్రజలం పడి రాక్షసుడు తొలగినప్పుడని కథ పైకి చెబుతుంది. కాని ఆ తరువాత కూడా అతడు ఆ స్త్రీని మరచే ఉన్నాడు. మదయంతి గుర్తుచేసినప్పుడు, అది రాక్షసుడు చేసిన పని అని అతడు అనలేదు. తాను చేసినదానికి తానే కుమిలాడు. తిరిగి మనిషి కాగోరేవానినుండి మనం అడగదగినది కూడా అంతే.