ఒకే గర్భము, రెండు జీవితములు

కవలలు పుట్టిన యింట ముచ్చటకొలది ఒకే తీరు దుస్తులు తొడిగి, ప్రాస కుదిరిన పేర్లు పెట్టుదుము. ఆ ముచ్చట దోషము కాదు. అయితే ఒకే పిండము నుండి విడివడిన కవలలకు సైతము వ్రేలిముద్రలు ఒకటి కావు. దేహములే వేరైనపుడు మనస్సులు ఒకటి కావలెనని కోరుట ధర్మమా?

1974లో ఇరాను దేశమున తలలు కలిసిపోయి జన్మించిన లాదన్, లాలే బిజానీ సోదరీమణుల చరిత్ర ఆలోచింపదగినది. లాదన్ న్యాయవాది కాగోరెను. లాలే పత్రికారచయిత్రి కాగోరెను. విడివడుట సాధ్యముకానందున ఇరువురును న్యాయశాస్త్రమునే చదివిరి. ప్రాణాపాయము కలదని వైద్యులు హెచ్చరించినను, వేరువేరుగా జీవింపగోరి శస్త్రచికిత్సకు సమ్మతించి, 2003 జూలైలో సింగపూరునందు అసువులు బాసిరి. వారిని ప్రేరేపించినది పరస్పర ద్వేషము కాదు. ఎవరి బ్రతుకు వారు బ్రతుకవలెనను కోరిక.

వారు ప్రాణములొడ్డి కోరిన స్వేచ్ఛ మన యిండ్లలోని కవలలకు పుట్టుకతోనే లభించినది. "తోబుట్టువును చూచి నేర్చుకొమ్ము" అను మాటతో దానిని మనమే హరించుచున్నాము. కవలలైనను ఎవరి ఇష్టలింగము వారికే కట్టుదుము గదా! చదువునందు, వృత్తియందు, అభిరుచులందు కూడ ఆ న్యాయమునే పాటింతుము గాక. మొదట "కవలలు" అని కలిపి పిలుచుట మాని, ఎవరి పేరుతో వారిని పిలుచుట నేర్వవలెను.