ఎవరి తప్పు, ఎవరి గొప్ప?

పోయిన నెల అప్పలాయగుంట వెంకన్న దర్శనం చేసుకుని, తిరుపతి బస్సు కోసం వడమాలపేటలో నిలబడ్డాను. పక్కనే ఓ అమ్మాయి, చేతిలో మూడేళ్ళ పాప. పాప కుడికాలి రెండో వేలు బొటనవేలికి రెండింతలుంది. ఒక కాలికి చిన్న చెప్పు, ఇంకో కాలికి పెద్ద చెప్పు.

చూసి ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో గానీ బయట తిరిగావా అమ్మాయ్?" అనేశాను.

ఆ అమ్మాయి కోప్పడినా బావుండేది. "అందరూ అదే అడగతారక్కా. ఆ పొద్దు కత్తిపీట ముట్టుకున్నట్టు నాకైతే గుర్తు లేదు. అడిగీ అడిగీ, ముట్టుకునే ఉంటాననిపిస్తా ఉండాది" అంది.

బస్సొచ్చింది. ఎక్కానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు.

రాత్రి మా చెల్లెలి కూతురికి ఫోను చేశాను. అది డాక్టరు. "దాన్ని మాక్రోడాక్టిలీ అంటారు పెద్దమ్మా. చాలా అరుదు. కడుపులో పిండం తయారయ్యేటప్పుడు ఏదో ఒక్క కణంలో ఒక జన్యువు మారుతుంది. ఆ కణం సంతతి చేరినచోట ఎముకా కొవ్వూ అతిగా పెరుగుతాయి. చాలామందిలో కారణం ఇదేనని తేలింది. తల్లి చేసిందేమీ లేదు, గ్రహణం చేసిందీ లేదు. వేలు మరీ పెరిగిపోతుంటే ఆపరేషను చేసి కొవ్వు తగ్గిస్తారు, ఎముక పెరగకుండా ఆపుతారు. తప్పనిసరైతే వేలు తీసేస్తారు" అంది.

మరి నేనెందుకు అడిగినట్టు? జాలితోనా? నిజం చెప్పుకోవాలంటే కాదు. నా ఇద్దరు పిల్లలప్పుడూ గ్రహణం రోజున గది తలుపులు వేసుకుని పడుకున్నాను. పిల్లలు చక్కగా పుట్టారు. అది నా జాగ్రత్త ఫలితమేనని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోయాను. ఆ అమ్మాయి తప్పు చేసిందంటేనే కదా, నా గొప్ప నిలబడేది!

ఆమె తప్పేమీ లేదని ఒప్పుకుంటే, నా గొప్ప కూడా ఏమీ లేదని ఒప్పుకోవాలి. అదే కష్టం. ఎదుటివాళ్ళ కష్టానికి మనం కారణం వెదికేది చాలాసార్లు వాళ్ళ కోసం కాదు, మన ధైర్యం కోసం.

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: నడిస్తే నొప్పి పుడుతుందా? డాక్టరుకి చూపించారా? చెప్పులెక్కడ దొరుకుతున్నాయి? అవేవీ నేను అడగలేదు.

పాప మాత్రం నన్ను చూసి నవ్వి, వేళ్ళు లెక్కపెట్టి చూపించింది. పెద్ద వేలు దగ్గర ఆగి, "ఇది అన్న" అంది. దానికి కారణంతో పని లేదు, వరసతోనే పని.