అస్తేయ వ్రతమును, పన్ను లెక్కయు

మేల్పాడి పేరు జైన వాఙ్మయమున నిలిచియున్నది. క్రీ.శ. 959లో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు మేల్పాడిలో దండు విడిసియుండగా, సోమదేవసూరి నేటి తెలంగాణలోని గంగాధరమున యశస్తిలకమును పూర్తిచేసెను. ఆ గ్రంథపు చివరి భాగమున గృహస్థుల వ్రతములు చెప్పబడినవి. ఆయనయే నీతివాక్యామృతమున రాజు బొక్కసమునకు వేరుగా ఒక ప్రకరణము వ్రాసెను. మునికి బొక్కసపు చింత ఏల యని తోచవచ్చును. రెండును ఒకే చేతి వ్రాత యగుట వర్తకుడు గమనింపదగినది.

పన్ను ఎగవేయుట దొంగతనమేయని అందరును ఒప్పుకొందురు. చిక్కు అచ్చట లేదు. చట్టము దాటక, దాని సందులలోనుండి తప్పించుకొనుట ఏమగును?

ఈ ప్రశ్న 1985లో తెలుగునాటి వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. వ్యాజ్యము హైదరాబాదున మద్యము తయారుచేయు మెక్‌డోవెల్ కంపెనీది. (సరకు జైనులు తాకనిదే, బిల్లు తీరు మాత్రము ఏ కొట్టువానికైనను తెలిసినదే.) ఎక్సైజు సుంకమును కొనువారే నేరుగా ప్రభుత్వమునకు కట్టిరి, బిల్లులో అది చేరలేదు గనుక దానిపై అమ్మకపు పన్ను లేదని కంపెనీ వాదము. ఐదుగురు న్యాయమూర్తులు దానిని త్రోసిపుచ్చిరి. చట్టమునకు లోబడిన ఏర్పాటు తగునే గాని కపటపు ఏర్పాటు తగదని రంగనాథ్ మిశ్రా వ్రాసిరి. తెలుగువారైన చిన్నప్పరెడ్డి వేరుగా వ్రాయుచు, నేర్పరులు తప్పించుకొన్న భారము అమాయక పౌరులపై పడునని చూపిరి. 2012లో వొడాఫోన్ వ్యాజ్యమున అదే కోర్టు కంపెనీ పక్షమున తీర్పు చెప్పినది. 2017 ఏప్రిల్ 1 నుండి, పన్ను తప్పించుటయే ముఖ్యోద్దేశముగా గల ఏర్పాట్లను త్రోసివేయు నియమములు అమలులోనికి వచ్చినవి. గీత ఇటునటు జరుగుచునే యున్నది.

జరిగెడి గీతను పట్టుకొని వ్రతమును నిలుపుకొనుట కష్టము. తత్త్వార్థసూత్రము అస్తేయమునకు ఐదు అతిచారములు చెప్పినది. పన్ను మాట వచ్చినపుడు అందరును వానిలో విరుద్ధరాజ్యాతిక్రమమునే తలతురు. ఇంతకంటె దగ్గరగా తగులునది ప్రతిరూపక వ్యవహారము, అనగా అసలు సరకని నకిలీని అమ్ముట. నేతికి చెల్లిన ఆ మాట కాగితమునకు చెల్లదా?

గుడియాత్తమున ఒక లుంగీల వర్తకుడు భార్య పేర రెండవ కొట్టు పెట్టెననుకొందము. ఆమె సొంత సొమ్ము పెట్టి, పద్దులు చూచి, నష్టమునకును తానే నిలిచినచో అది ఆమె కొట్టే. పన్ను తగ్గినను దోషము లేదు. చట్టము తానై ఇచ్చిన తగ్గింపును పుచ్చుకొనుటయు అట్టిదే. అది ఇచ్చిన సొమ్ము, ఇయ్యనిది కాదు. ఆమెను ఏడాదికొకమారు సంతకమునకు మాత్రమే పిలిచినచో, ఆడిటరు తప్పు పట్టకపోవచ్చును గాని అచ్చట కొట్టు లేదు, కొట్టువంటి కాగితమున్నది. పెద్ద కంపెనీ దూరద్వీపమున పేరుపలక తప్ప మరేమియు లేని శాఖ పెట్టుటకును దీనికిని భేదము మొత్తములోనే.

ప్రభుత్వము సొమ్మును దుబారా చేయుచున్నదని వర్తకులందురు. అబద్ధము కాదు. అయినను కొనువాడు దుబారామనిషియని తూకము తగ్గించి ఇచ్చినవానిని బజారు మెచ్చదు.

ఆడిటరును అడుగవలసినది ఒకటి, ఇంట అడుగవలసినది మరొకటి: ఆ రెండవ కొట్టులో నిన్న ఏమి అమ్మిరో ఆ ఇల్లాలికి తెలియునా?