లెక్కకు రాని శ్రమ

మరణించినవారిని గూర్చి మంచినే పలుకవలెనని లోకమర్యాద. ఈ మర్యాద మెచ్చదగినదే. కాని మంచిని మాత్రమే పలికినచో వారికి మనము న్యాయము చేసినవారమగుదుమా? కుటుంబమునకై జీవితమంతయు వెచ్చించిన తల్లి విషయమున ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ఆమెను త్యాగమూర్తి యని కొనియాడి, పటమునకు పూలమాల వేసి, తృప్తి నొందుట సులభము. ఆ తృప్తి ఋణము తీర్చుటయా, లేక ఋణమును మరచుటకొక మార్గమా?

ఝార్ఖండ రాష్ట్రమందలి జమ్షెడ్‌పూరు సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమప్రాంతమున వెలసిన నగరము. టాటా ఉక్కు సంస్థ 1907లో స్థాపితమై, 1912లో తొలి ఉక్కును తీసినది. సాక్చి యను పల్లెకు 1919లో జమ్షెడ్జీ టాటా పేర ఈ నామము కలిగినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పెక్కుమంది రైలెక్కి, ఖరగ్‌పూరు మీదుగా ఇచ్చటికి పని వెదకికొనుచు వచ్చిరి. బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామమందిరమును నిర్మించుకొనిరి. కదమా, సోనారీ మొదలగు పేటలలో తెలుగు పలుకు నేటికిని వినవచ్చును.

అట్టి కుటుంబమునకు పెద్దదిక్కై నిలిచిన ఒక వృద్ధమాత సంస్మరణసభకు కొంతకాలము క్రిందట పోవుట తటస్థించినది. ఆమె పేరు ఇచ్చట అవసరము లేదు. ఆమెవంటి తల్లులు ఆ నగరమున వేలకొలది. శ్రీకాకుళపు పల్లెనుండి కొత్తకోడలుగా వచ్చినది. అక్షరము రాదు. భర్త కర్మాగారమున కూలి. ఆయన జబ్బుపడి మూలనున్నపుడు ఆమె తమ ప్రాంతపు ఒంటరి కార్మికులకు పూటకూళ్ళు పెట్టి ఇల్లు గడిపినది. బొగ్గుపొడిని పేడతో కలిపి ఉండలు చేసి, ఎండబెట్టి, వానిపైననే వండినది. ఊరినుండి క్రొత్తగా వచ్చిన ఏ కుఱ్ఱవాడైనను, పని దొరకువరకు ఆమె ఇంట అన్నము తినినవాడే.

1912లోనే ఆ కర్మాగారమున ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినదని చరిత్రకారులు ప్రశంసింతురు. అది ప్రశంసార్హమే. కాని అహోరాత్రములు కొలిమి మండవలెనన్న, మూడు పాళ్ళ మనుష్యులు వంతులవారీగా పోవలెను. తెల్లవారుజామున పోవువానికి ఒక అన్నము, మధ్యాహ్నము పోవువానికి ఒక అన్నము, రాత్రి పోవువానికి ఒక అన్నము. పురుషుని దినము ఎనిమిది గంటలతో ముగిసినది. ఆ మూడు పాళ్ళకును వండిన స్త్రీ దినము ఎప్పుడు ముగిసినది? కర్మాగారపు లెక్కలలో ఆమె భర్త పేరు కలదు, అతని కూలి కలదు. ఆమె శ్రమకు ఏ పుస్తకమునను పద్దు లేదు.

సభలో వక్తలందరు ఆమె త్యాగమును కీర్తించిరి. పిదప పెద్దకుమార్తె లేచినది. అరువది దాటిన మనిషి. "మా అమ్మ గొప్పదే. ఆ గొప్పతనములో నా చదువు కూడ ఉన్నది. తమ్ముళ్ళ నెత్తుకొనుటకు నన్ను అయిదవ తరగతిలో బడి మాన్పించినది. ఆ రాత్రి తాను అన్నము తినలేదు. ఈ మాట చెప్పకపోతే మీరు పొగడుచున్నది మా అమ్మను కాదు, మరెవరినో" అని కూర్చుండినది. సభ నిశ్శబ్దమైనది. కొందరి ముఖములు చిన్నబోయినవి.

ఆమె పలికినది అపచారమా? కాదని నా అభిప్రాయము. ఉంచుకొనదగిన దానిని తెలిసి విడుచుట త్యాగము. వేరు దారి లేక మోసినది బరువు మాత్రమే. బరువును త్యాగమని పిలిచినచో రెండు కీడులు కలుగును. మోపినవారి బాధ్యత మరుగుపడును, "మీ అత్తగారు చేయలేదా?" యని రేపు ఆ యింటి కోడలిపై అదే బరువు మోపబడును. పొగడ్త ఈ విధముగా పగ్గమగును.

అయినను అంతయు నిర్బంధమే యనుట మరొక అన్యాయము. ఊరుగాని ఊరిలో ఆకలితో వచ్చిన పరాయిబిడ్డకు అన్నము పెట్టుమని ఆమెను నిర్బంధించినవారెవరు? తన పాలు తగ్గించుకొని పెట్టినది. అది అచ్చముగా ఆమె సొత్తు. అమెరికాకు వలసపోయిన మెక్సికో కుటుంబముల తల్లులైనను, మన తల్లులైనను, పరదేశమున ఇల్లు నిలిపినవారందరియందును ఈ రెండును పెనవైచికొని యుండును. వానిని వేరుచేసి చూచుటయే వివేకము. కుమార్తె చేసినది అదియే. తల్లి చేతిలో తాను నష్టపడినదనియు, ఆ నష్టము తల్లికిని దుఃఖమయ్యెననియు ఒక్క మాటలోనే చెప్పినది.

మహాభారతము వనపర్వమున కౌశికుని కథ కలదు. తపోగర్వముగల ఆ బ్రాహ్మణునకు భిక్ష ఆలస్యముగా తెచ్చిన గృహిణి, ఇంటిపనియందే జ్ఞానము పొందినదై, అతనిని మిథిలలోని ధర్మవ్యాధునికడకు పంపినది. మాంసమమ్ముకొను ఆ వ్యాధుడు తన తల్లిదండ్రులనే ప్రత్యక్షదైవములుగా చూపి, "నీవు విడిచివచ్చిన నీ తల్లిదండ్రులు దుఃఖముచే అంధులై యున్నారు, పోయి సేవింపుము" అను భావము పలికెను. గమనింపుడు: పోయి స్తుతింపుమనలేదు, సేవింపుమనెను. మరియొక విషయము. వ్యాధుని పేర ఒక గీతయే ప్రసిద్ధమైనది. దారి చూపిన ఆ గృహిణికి కథలో పేరైనను లేదు.

ప్రతి సంవత్సరము మార్చి 3వ తేదీన, జమ్షెడ్జీ జన్మదినమున, ఆ నగరము దీపాలంకృతమగును. అది ఉచితమే. ఆ వెలుగులో పేరులేనివారిని తలంచుకొనుట మన పని. కాని సేవింపవలసిన తల్లి గతించిన పిమ్మట ఆ ఋణము ఎవరికి చెల్లింపవలెను?

సభ ముగిసిన పిదప, ఇంజనీరుగా పదవీవిరమణ చేసిన చిన్న తమ్ముడు అక్కకడకు పోయి, "అక్కా, నేనిప్పుడేమి చేయవలెను?" అని అడిగెను. ఆమె కొంచెమాలోచించి, "నీ ఇంటిలో అందరికన్న చివర తినేదెవరో చూడరా" అనినది.

సమాధానము అదియే. గతించిన తల్లికి మనము అన్నము పెట్టలేము. కాని ఆమె మోసిన బరువును నేడు మన కన్నులయెదుట మోయుచున్నవారి చేతినుండి సగము అందుకొనగలము. నష్టపడిన అక్కతో, "నీ చదువే నా చదువైనది" అని ఒప్పుకొనగలము. తల్లిని దైవమని భావించుట ఉపనిషత్తు నేర్పిన ధర్మము. ఆమెను మనిషిగా గుర్తించుట అందుకు మొదటి మెట్టు. అట్టి స్మరణకు పూలమాల చాలదు. దినదినమును కొంత పని కావలెను.