వాడని పాత్రలో మిగిలిన నీరు



పనిచేయుచున్న వస్తువును అందరును చూచుకొందురు. ఎండకాలములో కూలరు ఆగిపోయినయెడల ఇంటిల్లిపాదియు దానిచుట్టు చేరుదురు. పత్తికి పురుగు తగిలిన దినమున మందుకొట్టు పంపు చెడిపోయినయెడల, రైతు ఉన్న పని విడిచి దానిని బాగుచేయించుటకు పరుగెత్తును. అయితే ఆ కాలము గడచి, ఆ వస్తువుతో ఇక పనిలేని దినము వచ్చినప్పుడు మనమేమి చేయుదుము? పెరటిలోనో, పశువుల కొట్టములోనో దానిని పెట్టి మరచిపోవుదుము. దానిలో నీరు మిగిలెనో, మందు మిగిలెనో చూడము. ఈ నెల మనము ఆలోచింపగోరు ప్రశ్న ఇదే: పనిలో లేని వస్తువును గూర్చి మనకు బాధ్యత యున్నదా? ఉన్నయెడల ఎవరిపట్ల?

ఎవరిపట్ల అను మాట ముఖ్యమైనది. వస్తువునకు ప్రాణము లేదు. తుప్పుపట్టినందుకు ఇనుము ఏడ్వదు. కావున బాధ్యత యొకటి యున్నయెడల అది మనుష్యునిపట్లనే యుండవలెను. ఆ మనుష్యుడెవరో కనుగొనుటకు ముందు, మరచిపోయిన నీరు ఏమి చేయునో తెలిసికొందము.

మంచు కురియు దేశములలో దీనికి మంచి దృష్టాంతమున్నది. మన తెలుగువారు అనేకులు నివసించు అమెరికాలో మోటారుహోము అను బండి యున్నది. అది చక్రములమీది యిల్లు. అందులో పడక, వంటపొయ్యి, నీళ్లట్యాంకు, నల్లాలు, నీళ్లు కాచు హీటరు ఉండును. వేసవిలో కుటుంబముగా దానిలో ప్రయాణము చేసి, చలికాలము రాగానే దానిని ఒకచోట నిలిపివేయుదురు. అయితే ఊరకే తాళమువేసి పోవుటకు వీలులేదు. నీరు గడ్డకట్టునప్పుడు ఉన్నదానికంటె నూటికి సుమారు 9 వంతులు పెరుగును. చోటు చాలక, తన్ను మోయుచున్న గొట్టమునే చీల్చివేయును.

అందుచేత వారు వరుసగా పనిచేయుదురు. హీటరును ఆర్పి, దానిలోని నీరు చల్లారి ఒత్తిడి తగ్గిన తరువాతనే అడుగు బిరడా తీయుదురు. లేనియెడల కాగిన నీరు చేతులమీదికి చిమ్మును. మంచినీటి ట్యాంకును, మురుగునీటి ట్యాంకులను ఖాళీచేయుదురు. వేడినీటి నల్లాలు, చన్నీటి నల్లాలు అన్నియు తెరచి, గాలిపంపుతో గొట్టములలోని నీటిని ఊదివేయుదురు. లేక సులువుగా గడ్డకట్టని గులాబిరంగు ద్రవమును ఎక్కించి, ప్రతి నల్లాలోను ఆ రంగు కనబడువరకు చూతురు. గిన్నెలు కడుగు తొట్టిక్రింది వంపుగొట్టములో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును గనుక, అక్కడను ఆ ద్రవమును పోయుదురు.

ఈ పనిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పది నల్లాలు ఖాళీచేసి బండి వెలుపలనున్న ఒక్క నల్లాను మరచినను, ఆ ఒక్కచోటనే గొట్టము పగులవచ్చును. పగిలినను ఆ దినమున తెలియదు. మంచుగడ్డయే ఆ చీలికను మూసియుంచును. నెలలు గడచి, మంచు కరగి, యజమానుడు మోటారు వేసినప్పుడే నీరు నేలమీదికి పారును. తప్పు ఒక కాలమున జరుగును, దాని ఫలము మరియొక కాలమున బయటపడును. రెండవది, మోటారుబండి రేడియేటరులో పోయు మామూలు ద్రవమును త్రాగునీటి గొట్టములలో పోయరాదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషము. త్రాగునీటి గొట్టములకై ప్రత్యేకముగా తయారుచేయబడిన ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవమునే వాడవలెను. గొట్టమును కాపాడబోయి దాని నీరు త్రాగువారిని చంపుట ఎట్టి జాగ్రత్త? వస్తువు మనుష్యునికొరకే గాని మనుష్యుడు వస్తువుకొరకు కాడు.

ఇది మనకేల అని మీరు అడుగవచ్చును. ఆదిలాబాదు చలికి పేరుపొందినదే. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు కాదు. కొన్ని రాత్రులలో 5 డిగ్రీల దరిదాపునకు దిగును. అయినను మన గొట్టములు గడ్డకట్టి పగులవు. అయితే మన ప్రాంతములో మరచిపోయిన నీరు మరియొక విధముగా హానిచేయును. ఆ విధమే మనలను ఎక్కువ ఆలోచింపజేయవలెను. చలిదేశములో ఆ నష్టము ముఖ్యముగా బండి యజమానునిది. ఇక్కడ నష్టము తరచుగా పొరుగువానిది.

కూలరును చూడుడి. మృగశిర కార్తె ప్రవేశించి మొదటి వానలు పడగానే దానిని పెరటిలోనికి త్రోసివేయుదుము. అడుగున నాలుగు వ్రేళ్ల లోతు నీరుండును. వాన దానిని నింపుచుండును. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రోనాల్డు రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నిలిచిన నీటికిని జ్వరమునకును దోమయే సంబంధమని అప్పటినుండి లోకమునకు రూఢిగా తెలియును. డెంగీ జ్వరమును తెచ్చునది వేరొక దోమ. అది మురికి కాలువలకంటె కూలరు, డ్రమ్ము, పాత టైరు వంటివాటిలో నిలిచిన తేటనీటినే ఎక్కువగా కోరుకొనును. నీటిమట్టమునకు కొంచెము పైన, పాత్ర గోడలకు గ్రుడ్లు పెట్టును. నీరు పారబోసి పాత్ర ఎండినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక యుండగలవు. మరల నీరు తగిలినప్పుడు అవి పొదుగబడి, ఇంచుమించు పది దినములలో దోమలై లేచును.

కావున పారబోయుట సగము పని మాత్రమే. గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, వాననీరు చేరకుండ కప్పిపెట్టవలెను. ఊడ్చి అమర్చి ఖాళీగా విడువబడిన యింటిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మీకు తెలియును (మత్తయి 12:43-45). ఆ దోమ ఎక్కువ దూరమెగురునది కాదు. అది పుట్టిన యింటిని, దాని ప్రక్కయిండ్లను కుట్టును. పగటివేళ, ప్రక్కయింటి పసిబిడ్డ తొట్టెలలో నిద్రించునప్పుడు కుట్టును.

ఇక మందుకొట్టు పంపును చూడుడి. కరీంనగరు ప్రాంతపు మక్కచేలలోను వరిపొలములలోను కలుపును చంపుటకు 2,4-డి అను మందు వాడుదురు. పత్తిచెట్టు ఆ మందును ఏమాత్రము ఓర్వలేదు. పంపును ఒక్కసారి నీళ్లతో తొలిచి పెట్టినయెడల, ట్యాంకు అడుగునను, గొట్టములోను, ముక్కు జాలిలోను ఆ మందు కొంత అంటియుండును. ఆ కొంచెమే చాలును. అదే పంపును పొరుగు రైతు ఎరువడిగి తీసికొనిపోయి తన పత్తికి పురుగుమందు కొట్టినయెడల, ఆకులు సన్నగిలి, ముడుతపడి, బెండ ఆకులవలె చీలిపోవును. ఆ రైతు విత్తనమును నిందించును, దుకాణదారుని నిందించును, తన అదృష్టమును నిందించును. పంపు ఇచ్చినవాని ముఖము చూచి కృతజ్ఞతయే తెలుపును! పంపును సబ్బునీటితో మాటిమాటికి కడిగి, గొట్టములోనుండియు ఆ నీటిని పోనిచ్చుట ఒక అరగంట పని. పత్తి మీది అప్పు తీర్చుట ఎన్ని సంవత్సరముల పనియో మీకే తెలియును. మేలు కోరువారు కలుపుమందునకు వేరు పంపునే ఉంచుకొందురు. కడిగిన నీటిని బావిలోగాని చెరువులోగాని కలియనీయరు.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు కనబడుచున్నది. మన బాధ్యత వస్తువునకు కాదు. దానిని తరువాత ముట్టబోవువానికిని, దాని ప్రక్కన నివసించువానికిని మనము ఋణస్థులము.

“మేము కావాలని చేయలేదు గదా” అని కొందరందురు. నిజమే. అయితే గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవానిని గూర్చి ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నదో చూడుడి (నిర్గమకాండము 21:33-34). అతడు ఎద్దును చంపవలెనని గొయ్యి త్రవ్వలేదు. అయినను పడిన పశువునకు వెల చెల్లించుమని ఆజ్ఞ. క్రొత్తయింటికి పిట్టగోడ కట్టుమను ఆజ్ఞయు అట్టిదే (ద్వితీయోపదేశకాండము 22:8). ఎవరును ఇంకను పడలేదు. ఎవరు పడుదురో తెలియదు. అయినను కట్టునప్పుడే కట్టవలెను. ద్వేషము లేకపోవుట ప్రేమ కాదని ఈ రెండు ఆజ్ఞలు మనకు బోధించుచున్నవి. తెలియనివాడు చేసినది వేరు. తెలిసిన తరువాత ఆ గొయ్యి మనదే.

“రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువే చెప్పెను గదా” అని మరికొందరందురు (మత్తయి 6:34). చింత వేరు, పని వేరు. కూలరు కడుగుట రేపటి పని కాదు, నేటి పనియే. నేటి పనిని ఎగవేసి దానికి విశ్వాసమని పేరుపెట్టరాదు. ఐగుప్తులో యోసేపు సమృద్ధి సంవత్సరములలోనే కొట్లు నింపెను. కరవు వచ్చిన తరువాత నింపుటకు ఏమియు మిగులదు.

ఈ పనిలో ఒక కష్టమున్నది, దానిని మరుగుచేయము. దీని ఫలము కంటికి కనబడదు. పంట పండించినవానిని ఊరు మెచ్చుకొనును. జ్వరము రాని బిడ్డ తల్లి ఎవరికి కృతజ్ఞత చెల్లించును? ఏమియు జరుగకపోవుటయే ఈ పని ఫలము. కొంచెములో నమ్మకముగా నుండుటను గూర్చిన మాట (లూకా 16:10) ఇట్టి పనులలోనే పరీక్షింపబడును. 2022 జూలైలో కడెం ప్రాజెక్టునకు 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినప్పుడు, 18 గేట్లలో ఒకటి లేవలేదు. దిగువ గ్రామములవారిని ఇండ్లు ఖాళీచేయించవలసి వచ్చెను. దేవుని కృపవలన కట్ట నిలిచినది. ఆ గేటు ఏల లేవలేదో తీర్పుతీర్చుట మా పని కాదు. అయితే గేటును చూచుకొనుటకు తగిన కాలము నీరులేని వేసవియే గాని వరదరాత్రి కాదని ఎవరికి తెలియదు?

మరియొక న్యాయమును విచారింపవలెను. పంపు కడుగువాడెవడు? పగలంతయు దానిని వీపున మోసిన కూలివాడు. పొద్దు గ్రుంకుచుండగా, ఒళ్లు హూనమైయుండగా, “కడిగి పెట్టి పో” అని యజమానుడు చెప్పును. ఆ అరగంటకు కూలి లేదు. అప్పుడు వాడు పైపైన తొలిచి పోయినయెడల తప్పు వానిదేనా? కడుగుటయు పనిలో భాగమేయని యెంచి, పొద్దుండగానే పని నిలిపి, దానికి కూలి యిచ్చువాడు మాత్రమే కడుగలేదని అడుగుటకు అర్హుడు. చేతులకు తొడుగులును, సబ్బును, తగినంత నీరును ఇచ్చుట యజమానుని వంతు. ఇతరుల అలసటమీద మన జాగ్రత్తను కట్టుకొనరాదు.

మన సంఘములలోని ఉమ్మడి వస్తువుల సంగతియు ఇట్టిదే. ఆలయపు కూలరు, పండుగ భోజనములకు వాడిన డ్రమ్ములు, మేడమీది ట్యాంకు అందరివి. అందుచేతనే ఎవరివియు కావు. పండుగ దినమున నీళ్లు మోయుటకు పదిమంది వత్తురు. మరునాడు డ్రమ్ము బోర్లించుటకు ఎవరును రారు. ప్రతి సంఘములోను పెద్దలు ఈ పనికి ఇద్దరిని పేరుపెట్టి నియమింతురు గాక. వానలు మొదలగు వారముననే కూలర్లు కడిగి, ఆరబెట్టి, కప్పిపెట్టుడి. వాడకములోనున్న నీళ్లడ్రమ్ములను వారమునకొక దినము ఖాళీచేసి, రుద్ది కడిగి, మూతపెట్టుడి. పంపును ఎరువిచ్చునప్పుడు, చివర అందులో ఏ మందు పోసితిరో దాచక చెప్పుడి. ఈ మూడింటికిని పెద్ద ధనము అక్కరలేదు.

మనము పొరుగువానిని ప్రేమించుచున్నామని ఆదివారమున చెప్పుకొనుట సులభము. వాడని కూలరు అడుగున ఏమున్నదో సోమవారమున వంగి చూచుట కష్టము. ఆ కష్టమునకు మనకందరికిని ప్రభువు మనస్సును బలమును దయచేయును గాక.